రొమ్ములో గడ్డ, నోట మౌనం
కొరియా స్త్రీల అనుభవం నుంచి మనం నేర్చుకోవలసినది



ఈ మధ్య మన ఇళ్లలో ఆడపిల్లలు కొరియా సీరియళ్లు చూస్తున్నారు, కొరియా పాటలు పాడుతున్నారు. ఆ దేశపు నూడుల్స్ మన పట్నాల దుకాణాలకు కూడా వచ్చాయి. కాబట్టి కొరియా పేరు ఇప్పుడు మనకు కొత్త కాదు. అయితే ఆ సీరియళ్లలో ఎక్కువగా కనిపించని కొరియా స్త్రీ ఒకరున్నారు. ఆమెకు నలభై ఏళ్లు దాటాయి. భర్తకు, పిల్లలకు, అత్తమామలకు అన్నీ అమర్చి చివరకు తన సంగతి చూసుకుందామనుకునే ఇల్లాలు ఆమె. రొమ్ములో చిన్న గడ్డ తగిలితే ఆమె ఏమనుకుంటుంది? ఎవరితో చెబుతుంది? ఎన్నాళ్లకు చెబుతుంది? ఈ ప్రశ్నలను కొరియా నర్సులు ఎన్నో ఏళ్లుగా అడుగుతూ, జవాబులను ఓపికగా రాసి పెట్టారు. అవి చదివినప్పుడు మా ఔట్ పేషెంట్ వరండాలో బెంచీ మీద కూర్చున్న అమ్మలే మాకు గుర్తుకు వచ్చారు. అందుకే ఈ వ్యాసం.

మేము చెప్పదలచినది మొదటే చెబుతున్నాము. స్త్రీ తన రొమ్మును తాను పరీక్షించుకోకపోవడానికి, ఆసుపత్రికి ఆలస్యంగా రావడానికి "అజ్ఞానం" అని పేరు పెట్టి ఊరుకోవడం తేలిక. కానీ అది సరైన జవాబు కాదు. ఆమె నమ్మకాలకు ఒక అర్థం ఉంది. ఆ అర్థం తెలుసుకోని నర్సు ఎన్ని చార్టులు చూపించినా ఉపయోగం తక్కువ.

నమ్మకాలు ఏమిటి?

కొరియా భాషలో ఒక సామెత ఉంది. మాటే విత్తనమవుతుందని దాని భావం. నోటితో అన్న చెడు మొలకెత్తి నిజమవుతుందని భయం. మన దగ్గర "ఆ మాట అనకమ్మా, తథాస్తు దేవతలుంటారు" అనడం లేదా? అలాగే అక్కడ కూడా కేన్సరు మాట ఎత్తడానికే కొందరు జంకుతారు. గడ్డ ఉందేమోనని వెతకడమంటే గడ్డను పిలిచినట్టే అని వారికి అనిపిస్తుంది. మన పెద్దలు రాచపుండు అనే పేరును కూడా గొంతు తగ్గించి పలికేవారు.

రెండవది "పల్జా". మనం నుదుటి రాత అంటామే, అదే. పుట్టిన సంవత్సరం, నెల, రోజు, గడియలను బట్టి జీవితం ఎలా సాగాలో ముందే నిర్ణయమై ఉంటుందని పాత నమ్మకం. రాసిపెట్టి ఉంటే పరీక్ష చేసుకున్నా తప్పదు, రాసిపెట్టి లేకపోతే పరీక్షే అవసరం లేదు అన్నది దాని నుంచి పుట్టే తర్కం.

మూడవది సిగ్గు, మర్యాద. కొరియా సమాజం మీద కన్ఫ్యూషియస్ బోధల ప్రభావం కొన్ని వందల ఏళ్లుగా ఉంది. స్త్రీ శరీరం గురించి మాట్లాడకపోవడమే మర్యాద. నలుగురిలో పరువు కాపాడుకోవడాన్ని వారు "చేమ్యోన్" అంటారు. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. అదే కొరియాలో స్త్రీలందరూ కలిసి స్నానం చేసే ప్రజా స్నానశాలలు ఉన్నాయి. అక్కడ బట్టలు లేకుండా ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం మామూలు విషయం. అంటే సిగ్గు శరీరాన్ని చూసి కాదు. ఎవరి ముందు, ఏ పని కోసం అన్నదే సిగ్గుకు మూలం. ఒళ్లు రుద్దుకోవడానికి లేని సంకోచం రొమ్మును వేళ్లతో తడిమి చూసుకోవడానికి వస్తుంది. పురుష డాక్టరు ముందు ఇంకా ఎక్కువవుతుంది.

నాలుగవది "ఇది తెల్లవాళ్ల జబ్బు" అనే నమ్మకం. మేము కూరగాయలు, చేపలు, సోయా తింటాము, పిల్లలకు పాలిచ్చాము, మాకెందుకు వస్తుంది అని ముందు తరం వారు అనుకునేవారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పుడు లేదు. నేడు కొరియా స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్న కేన్సరు రొమ్ము కేన్సరే. పెళ్లిళ్లు ఆలస్యం కావడం, కాన్పులు తగ్గడం, తిండి మారడం, బరువు పెరగడం ఇందుకు చెప్పే కారణాలలో కొన్ని. అక్కడ ఒక్కొక్క స్త్రీకి సగటున కలిగే పిల్లల సంఖ్య 2023లో 0.72కి పడిపోయింది. మరొక ముఖ్య విషయం ఏమిటంటే, అమెరికాలో ఈ జబ్బు ఎక్కువగా అరవై ఏళ్ల ప్రాంతంలో బయటపడుతుంది. కొరియాలో నలభైలలోనే ఎక్కువ. మన దేశంలోనూ పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్లు ముందే కనిపిస్తోంది.

అయిదవది "హ్వాబ్యోంగ్". నిప్పు జబ్బు అని అర్థం. ఏళ్ల తరబడి కోపాన్ని, దుఃఖాన్ని మింగుకున్న స్త్రీకి గుండెల్లో మంట, గుండె దడ, ఎదలో ఏదో ముద్ద అడ్డుపడినట్టు ఉండడం, నిట్టూర్పులు రావడం దీని లక్షణాలు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో ప్రచురించిన రోగ నిర్ధారణ గ్రంథంలో దీనిని కొరియా సంస్కృతికి చెందిన బాధగా పేర్కొన్నారు. దిగులు వల్లనే కేన్సరు వస్తుందనే నమ్మకం కూడా అక్కడ బలంగా ఉంది. మన అమ్మలు కూడా "మనోవ్యాధే సిస్టరమ్మా, ఇంకేం లేదు" అంటారు. మనసు బాధను మేము తేలికగా తీసుకోము. కానీ ఎదలోని బరువు వేరు, రొమ్ములోని గడ్డ వేరు. మొదటిది చెప్పుకుంటే కొంత తగ్గవచ్చు. రెండవదానిని పరీక్ష చేయవలసిందే.

సిగ్గు పోయేదాకా ఆగలేదు

నమ్మకాలను ముందు పెకలించి, ఆ తర్వాతే వైద్యం చేయాలని కొందరు అంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు.

కొరియాలో 1406లోనే రాజు తేజోంగ్ కాలంలో ఆడపిల్లలకు వైద్యం నేర్పించడం మొదలుపెట్టారు. జబ్బు చేసినా స్త్రీలు పురుష వైద్యుడికి చూపించుకోక ప్రాణాలు పోగొట్టుకుంటున్నారన్నది దానికి కారణం. 2003లో వచ్చిన ప్రసిద్ధ సీరియల్ "దే జాంగ్ గమ్" కథానాయిక అలాంటి వైద్యురాలే. తర్వాత 1887లో మెథడిస్టు మిషన్ తరఫున డాక్టరు మెటా హోవార్డ్ సియోల్ నగరంలో స్త్రీల కోసమే ఒక ఆసుపత్రి ప్రారంభించారు. దాని పేరు బోగుయోగ్వాన్. 1903లో మార్గరెట్ ఎడ్మండ్స్ అక్కడే కొరియాలో మొదటి నర్సుల శిక్షణ పాఠశాల పెట్టారు. ఈ మిషన్‌లో పనిచేసిన డాక్టరు రొజెటా షెర్వుడ్ హాల్‌కు దుభాషిగా ఉన్న అమ్మాయి ఎస్తేర్ పార్క్. ఆమె అమెరికా వెళ్లి 1900లో బాల్టిమోర్‌లో వైద్య పట్టా పొంది, పాశ్చాత్య వైద్యం చదివిన మొదటి కొరియా స్త్రీ అయ్యారు. తిరిగి వచ్చి తన వారికి సేవ చేస్తూ 1910లో క్షయతో మరణించారు.

ఈ కథ మనకు కొత్త కాదు. డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచినప్పుడు ఎదురైన సంకోచమూ అదే. పురుష వైద్యుడిని పిలవడానికి ఇంటివారు ఒప్పుకోక కాన్పులో తల్లులు చనిపోవడం చూసే తిండివనంలో ఐడా స్కడ్డర్ డాక్టరు కావాలని నిశ్చయించుకున్నారు. వీరెవ్వరూ "మీ సిగ్గు తప్పు" అని ఉపన్యాసాలు ఇస్తూ కూర్చోలేదు. ఆ సిగ్గుతోనే లోపలికి రాగలిగే తలుపు ఒకటి తెరిచారు. మేము గౌరవించేది ఆ పద్ధతిని.

తెలియక కాదు, ధైర్యం లేక

1950లలో అమెరికాలో క్షయ కోసం ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం రాకపోవడం చూసి, ఎందుకు రావడం లేదని అక్కడి ప్రజారోగ్య శాఖవారు ఆలోచించారు. అందులోంచి "ఆరోగ్య విశ్వాస నమూనా" అనే పద్ధతి పుట్టింది. 1984లో విక్టోరియా చాంపియన్ అనే నర్సు దానిని రొమ్ము స్వయం పరీక్షకు అన్వయించి ప్రశ్నావళి తయారు చేశారు. 2002లో దానిని కొరియా స్త్రీలకు తగినట్టు మార్చి పరీక్షించారు. నాకు ఈ జబ్బు రావచ్చునా, వస్తే ఎంత ప్రమాదం, పరీక్ష వల్ల మేలేమిటి, అడ్డంకులేమిటి, నేను సరిగా చేయగలనా అన్నవి అందులోని ప్రశ్నలు.

ఇలాంటి అధ్యయనాలలో మాటిమాటికీ తేలినది ఈ చివరి ప్రశ్న. "నాకు చేయడం చేతకాదు. చేతికి తగిలింది గడ్డో, మామూలు కండరమో నాకు తెలియదు" అనే స్త్రీ పరీక్ష చేసుకోదు. ఆమెకు విషయం చెప్పారు కానీ చేతికి పని నేర్పలేదు. మా అభిప్రాయంలో భయపెట్టే బొమ్మలు వంద చూపించడం కంటే, తెర చాటున ఒక నర్సు ఆ అమ్మ చేతిని పట్టుకుని "ఇది పక్కటెముక, ఇది మామూలు పాల గ్రంథి, ఇలా మెత్తగా ముడులుగా ఉండడం సహజం" అని పది నిమిషాలు చూపించడం మేలు.

స్వయం పరీక్ష వల్ల నిజంగా ప్రయోజనం ఉందా?

ఇది దాచవలసిన విషయం కాదు. చైనాలోని షాంఘై నగరంలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి స్వయం పరీక్షను శ్రద్ధగా నేర్పించారు. దాదాపు పదేళ్లు గమనించి 2002లో ఫలితం చెప్పారు. రొమ్ము కేన్సరుతో మరణించినవారు నేర్పిన భాగంలో 135 మంది, నేర్పని భాగంలో 131 మంది. అంటే తేడా లేదు. పైగా నేర్పినవారిలో కేన్సరు కాని గడ్డలకు ముక్క పరీక్షలు చాలా ఎక్కువ జరిగాయి. దాని తర్వాత అమెరికన్ కేన్సర్ సొసైటీ 2003లో నెలనెలా స్వయం పరీక్షను ఇష్టమైతే చేసుకోవచ్చని మార్చింది. 2015లో సాధారణ స్త్రీలకు దాన్ని సిఫారసు చేయడమే మానేసింది. కొరియాలో మాత్రం 30 ఏళ్లు దాటిన స్త్రీలు నెలకొకసారి చేసుకోవాలని రొమ్ము కేన్సరు వైద్యుల సంఘం చెబుతూ వచ్చింది.

మరి ఏది నమ్మాలి? మా అభిప్రాయం ఇది. స్వయం పరీక్ష ఒక్కటే ప్రాణం కాపాడుతుందని చెప్పడం తప్పు. మామోగ్రఫీకి, వైద్య పరీక్షకు అది బదులు కాదు. "నెలనెలా చూసుకుంటున్నాను, నాకేమీ లేదు" అని ధీమాగా ఉండడం కూడా ప్రమాదమే. చేసుకోలేని స్త్రీని దోషిగా చూడడం ఇంకా తప్పు. కానీ తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలిసిన స్త్రీ మార్పు వస్తే త్వరగా గుర్తుపడుతుంది. మామోగ్రఫీ యంత్రం మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లలో ఈ ఎరుక చిన్న విషయం కాదు. అయితే గుర్తుపట్టిన తర్వాత వెళ్లడానికి చోటు ఉండాలి. షాంఘై నేర్పే పాఠాన్ని మేము అలా అర్థం చేసుకుంటున్నాము. చేతికి పని నేర్పడం సగమే, దారి చూపడం మిగతా సగం.

కొరియా ఆ దారి ఎలా వేసింది?

1989 నాటికి ఆ దేశంలో అందరికీ ఆరోగ్య బీమా వచ్చింది. 1999లో పేదల కోసం ప్రభుత్వం ఉచిత కేన్సరు పరీక్షలు మొదలుపెట్టింది. కడుపు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కేన్సర్లతో ఆ పథకం ఆరంభమై, క్రమంగా మిగతా ప్రజలకు విస్తరించింది. 40 ఏళ్లు నిండిన ప్రతి స్త్రీకి రెండేళ్లకొకసారి మామోగ్రఫీ ఇస్తారు. సరి సంఖ్య సంవత్సరంలో పుట్టినవారు సరి సంఖ్య సంవత్సరంలో, బేసి వారు బేసి సంవత్సరంలో వెళ్లాలి. ఇంటికి ప్రభుత్వం నుంచే ఉత్తరం వస్తుంది. తక్కువ ఆదాయం వారికి ఖర్చు లేదు, మిగతావారు పదోవంతు మాత్రమే చెల్లిస్తారు.

ఆ ఉత్తరం చేసిన మేలు చూడండి. "నాకు అనుమానంగా ఉంది, పరీక్ష చేయించుకుంటాను" అని ఇంట్లో చెప్పడానికి నోరు రాని స్త్రీ "ఈ ఏడు నా వంతు వచ్చింది, వెళ్లాలట" అని చెప్పగలదు. చెడు మాట ఎత్తవలసిన పని లేదు. నుదుటి రాతతో వాదించనక్కర లేదు. పరువుకు భంగం లేదు. నమ్మకాన్ని ఎదిరించకుండానే దాని పక్క నుంచి దారి ఏర్పడింది. 1990ల మధ్యలో అక్కడ రొమ్ము కేన్సరు వచ్చినవారిలో అయిదేళ్లు బతికేవారు సుమారు 80 శాతం. ఇప్పుడది 90 శాతం దాటింది. ఇది ఒక్క పరీక్షల వల్లనే అనము, చికిత్సలు కూడా ఎంతో మెరుగుపడ్డాయి. కానీ ముందుగా రావడం అందులో ముఖ్య భాగం.

ఇంకొక సంగతి. అమెరికాలో స్థిరపడిన కొరియా కుటుంబాలలో ఎక్కువమంది చర్చికి వెళ్తారు. అక్కడి నర్సులు ఆ చర్చిల ద్వారానే ఆరోగ్య బోధ చేశారు. షికాగో ప్రాంతంలో ఒక నర్సుల బృందం స్త్రీలను మాత్రమే కాక భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, వారి భాషలోనే వీడియో చూపించి, ఇంటికి వెళ్లాక ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక పని అప్పజెప్పింది. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ ఇళ్లలో మామోగ్రఫీ చేయించుకున్న స్త్రీలు ఎక్కువమంది. భర్త "పద, నేను తీసుకువెళ్తాను" అన్న ఒక్క మాట మా ఉపన్యాసాలు పదింటికి సమానమని మా అనుభవం కూడా చెబుతోంది.

మనం చేయవలసినవి

మన దేశంలో 2016 నుంచి ఉన్న మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతితో రొమ్ము పరీక్ష చేయాలి. ఇది పనికొస్తుందా అనేవారికి ముంబయి అనుభవం జవాబు. అక్కడ 1998లో మొదలుపెట్టి సుమారు లక్షన్నర మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్లకొకసారి మహిళా ఆరోగ్య కార్యకర్తలు చేతితో పరీక్షించిన భాగంలో జబ్బు ముందు దశలోనే బయటపడింది. 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాలు తగ్గినట్టు తేలలేదు. శిక్షణ పొందిన చేతులకు ఎంత విలువ ఉందో దీనివల్ల తెలుస్తోంది.

కాబట్టి మా విన్నపాలు ఇవి.

తోటి నర్సులకు: అమ్మను అడగవలసిన మొదటి ప్రశ్న "పరీక్ష చేసుకుంటున్నావా?" అన్నది కాదు. "ఈ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారమ్మా?" అని అడగండి. చెప్పింది విని నవ్వకండి. తెర, తలుపు, దుప్పటి సరిచూసుకున్న తర్వాతే ముట్టుకోండి. చేయబోయేది ముందుగా చెప్పండి.

అక్కచెల్లెళ్లకు: నెలసరి మొదలైన 7 నుంచి 10 రోజుల మధ్య, నెలసరి ఆగినవారు ప్రతి నెలా ఒకే తేదీన, అద్దం ముందు నిలబడి చూసుకోండి. తర్వాత పడుకుని, మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో మెడ ఎముక కింద నుంచి రొమ్ము కింది దాకా, చంక దాకా తడిమి చూడండి. కొత్త గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు గుంట పడడం, నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి తిరగడం, దాని నుంచి రక్తం లేదా నీరు కారడం, మానని పుండు, చంకలో బిళ్ల, వీటిలో ఏది కనబడినా వెంటనే రండి. నెలసరి రోజు కోసం ఆగవద్దు. నొప్పి లేదు కదా అని కూడా ఆగవద్దు. మొదట్లో కేన్సరు గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. గడ్డలన్నీ కేన్సరు కావు, ఎక్కువ భాగం కావు కూడా. కానీ ఏది ఏమిటో చేతితో తేల్చలేము, పరీక్షతోనే తేలుతుంది. తల్లికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

అన్నదమ్ములకు, భర్తలకు: ఇంట్లో ఆమె చెప్పలేని మాట మీరు అడగండి. పొలం పనులు, పిల్లల పరీక్షలు, పండుగలు అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.

సంఘ పెద్దలకు: స్త్రీల కూడికలో ఏడాదికొక పూట మా నర్సులకు ఇవ్వండి. అదే పూట భర్తలను కూడా పిలవండి.

స్వస్థత కోసం ప్రార్థించేవారిని మేము ఎన్నడూ కాదనలేదు. రాత్రి ప్రార్థించి, తెల్లవారి బస్సు ఎక్కండి అంటాము. గడ్డను ఎంత ముందు చూపిస్తే కోత అంత చిన్నది, ఖర్చు అంత తక్కువ, బతుకు మీద ఆశ అంత ఎక్కువ. మా ఔట్ పేషెంట్ విభాగంలో స్త్రీలను స్త్రీలే పరీక్షిస్తారు. సంకోచం ఉన్నా ఫరవాలేదు, దానితోనే రండి.